కారు షెడ్డులోనే ఉన్నా గీతలు పడుతున్నాయా? దుమ్ము, గీతల నుంచి కాపాడుకునే పద్ధతి

కారుని ఎండకి ఎండకుండా, వానకి తడవకుండా ఇంటి గ్యారేజ్‌లోనో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో పెట్టుకుంటాం. అయినా రెండు మూడేళ్లకి బానెట్ మీద ఫోన్ టార్చ్ వేసి చూస్తే, ఆ వెలుతురు చుట్టూ గుండ్రంగా సన్నటి గీతలు వందల కొద్దీ కనిపిస్తాయి. నలుపు, ముదురు నీలం, ముదురు ఎరుపు కార్లకైతే టార్చ్ కూడా అక్కర్లేదు, రాత్రిపూట పెట్రోల్ బంకు లైట్ల కింద ఆగితే చాలు. వాటిలో చాలావరకు రోడ్డు మీద పడినవి కావు. ఇంటి దగ్గర, తుడిచేటప్పుడు పడినవి.

కారు మీద ఊరికే పడి ఉన్న మట్టి దుమ్ము పెయింట్‌కి పెద్దగా హాని చేయదు. దాన్ని గుడ్డతో రుద్దినప్పుడు, కవర్ లాగినప్పుడు, నడుస్తూ చేత్తో నిమిరినప్పుడు గీత పడుతుంది. అందుకే రోజూ పొద్దున్నే తళతళా తుడిపించుకునే కారు కన్నా, వారం పాటు దుమ్ముతో అలాగే ఉండి ఒకసారి శుభ్రంగా కడిగించుకున్న కారు పెయింట్ ఎక్కువ కాలం కొత్తగా ఉంటుంది. మొదట్లో నమ్మబుద్ధి కాదు, కానీ కారణం చాలా మామూలుది.

రంగు పైన క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది. మామూలుగా దాని మందం 40 నుంచి 50 మైక్రాన్లు. మన తల వెంట్రుకే సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. కారు మెరుపంతా ఆ పల్చటి పొరలోనే ఉంది. ఇక మన దుమ్ము సంగతి చూడండి. హైదరాబాద్ అంతా గ్రానైట్ నేల. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ గుట్టలు, బోర్లు వేసినప్పుడు లేచే పొడి, సెల్లార్ల కోసం రాళ్లు పగలగొట్టే చోటు నుంచి వచ్చే దుమ్ము, వీటన్నిటిలో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. గట్టితనం కొలిచే మోస్ స్కేల్ మీద క్వార్ట్జ్ 7. కిటికీ అద్దం 5.5 దగ్గర ఉంటుంది. అంటే మన దుమ్ము అద్దాన్నే గీయగలదు, క్లియర్ కోట్ ఎంత?

ఊరిని బట్టి దుమ్ము మారుతుంది. విశాఖ పోర్టు చుట్టుపక్కల ఉండేవాళ్లకి బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము. రామగుండం, పాల్వంచ, విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం వైపు థర్మల్ కేంద్రాల బూడిద. తాండూరు, బేతంచెర్లలో నాపరాయి కోత పొడి. ఇది మెత్తనిదే కానీ తడిస్తే తెల్లటి పొరలా అంటుకుంటుంది. మీ దుమ్ము ఏ రకమైనా పొడిగా రుద్దకూడదన్న నియమం మాత్రం మారదు.

ముందు నేల సంగతి చూడండి

గ్యారేజ్‌లో దుమ్ము ఎక్కువగా బయటి నుంచి వస్తోందని అనుకుంటాం. ఒకసారి నేల మీద అరచేయి పెట్టి గట్టిగా రుద్దండి. చేతికి తెల్లటి పొడి అంటిందా? అయితే మీ సిమెంట్ నేలే దుమ్ము పుట్టిస్తోంది. ఫినిషింగ్ సరిగ్గా కుదరని సిమెంట్ గచ్చు టైరు తిరిగిన ప్రతిసారీ కొంచెం కొంచెం పొడి వదులుతుంది. దీనికి మూడు దారులు: సిలికేట్ రకం ఫ్లోర్ హార్డనర్ (నేలని గట్టిపరిచే ద్రావణం) పూయించడం, ఎపాక్సీ కోటింగ్ వేయించడం, పార్కింగ్ టైల్స్ పరిపించడం. ఖర్చు తక్కువ కావాలంటే హార్డనర్ చాలు. ఎపాక్సీ వేయిస్తే నేల బాగా ఆరి ఉండాలి, కింద నుంచి చెమ్మ వచ్చే చోట అది పొరలుగా లేచిపోతుంది.

తర్వాత ఊడ్చే పద్ధతి. కారు పక్కనే పొడి చీపురుతో ఊడిస్తే, నేల మీది దుమ్మంతా లేచి నేరుగా కారు మీదే కూర్చుంటుంది. మన ఇళ్ల ముందు ఊడ్చేటప్పుడు కళ్ళాపి చల్లే అలవాటు ఉంది కదా, గ్యారేజ్‌కి కూడా అదే సరైన పద్ధతి. మగ్గుతో పల్చగా నీళ్లు చల్లి, ఐదు నిమిషాలు ఆగి ఊడవండి. లేదా తడి మాప్ పెట్టండి. అపార్ట్‌మెంట్‌లో ఊడ్చేవాళ్లకి ఈ ఒక్క మాట మర్యాదగా చెప్పి చూడండి, వారంలోనే తేడా తెలుస్తుంది. వీలైతే కారు బయటికి వెళ్లిన టైమ్‌లో ఊడవమనండి.

షట్టర్ ఉంటే కింద సందుకి రబ్బరు పట్టీ బిగించండి. గ్రిల్ గేటు అయితే లోపలి వైపు సన్నటి జాలీ కట్టొచ్చు. స్టిల్ట్ పార్కింగ్ (అపార్ట్‌మెంట్ కింద పిల్లర్ల మధ్య ఉండే పార్కింగ్) నాలుగు వైపులా తెరిచే ఉంటుంది కాబట్టి, రోడ్డు వైపు చుట్టి దించే వెదురు తడకలు కట్టుకోవడానికి అసోసియేషన్‌ని అడగండి. గాలి పూర్తిగా ఆగేలా మాత్రం ఎక్కడా మూసేయొద్దు. వానాకాలంలో లోపల చెమ్మ నిలిస్తే దుమ్ము పెయింట్‌కి ఇంకా గట్టిగా అతుక్కుంటుంది.

కవర్ కప్పాలా, వద్దా

రోజూ తీసే కారుకి కవర్ వద్దనే నా గట్టి అభిప్రాయం. సాయంత్రం రోడ్డు దుమ్ముతో వచ్చిన కారు మీద కవర్ లాగడమంటే ఉప్పు కాగితంతో రుద్దడమే. పొద్దున మళ్లీ తీసేటప్పుడు ఇంకోసారి రుద్దుతున్నాం.

వారాలు, నెలలు కదలకుండా ఉండే కారుకి కవర్ కావాలి. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి, ఇక్కడ అమ్మానాన్నల దగ్గర కారు పెట్టి వెళ్లిన ఇళ్లలో ఇది ముఖ్యం. అయితే బజార్లో ఎక్కువగా దొరికే వెండి రంగు వాటర్‌ప్రూఫ్ కవర్ గ్యారేజ్ కోసం చేసింది కాదు. గాలి ఆడదు, లోపల చెమ్మ పట్టి నిలుస్తుంది. లోపలి వైపు మెత్తటి నూలు లేదా ఫ్లీస్ ఉండి, గాలి ఆడే ఇండోర్ కవర్ తీసుకోండి. మీ మోడల్ కొలతకి సరిపోవాలి. వదులుగా ఉంటే స్టిల్ట్‌లో గాలికి కొట్టుకుని సైడ్ మిర్రర్ల దగ్గర, బంపర్ మూలల్లో పెయింట్ మొద్దుబారిపోతుంది. కారు అడుగు నుంచి కట్టే పట్టీ ఉన్నది మేలు.

కప్పేముందు కారు కడిగి, పూర్తిగా ఆరి ఉండాలి. తీసేటప్పుడు ఒక పద్ధతి ఉంది: రెండు పక్కల అంచుల్ని ఎత్తి టాప్ మీదికి మడవండి. అప్పుడు దుమ్ము పట్టిన పై ముఖాలు ఒకదానికొకటి తగిలి లోపలే ఉండిపోతాయి. ఆ తర్వాత ముందు నుంచి వెనక్కి చుట్టుకుంటూ వెళ్లండి. కవర్ లోపలి ముఖానికి దుమ్ము అంటదు. పొరపాటున కింద పడితే దులిపి వాడేద్దాం అనుకోకండి, ఉతికాకే మళ్లీ కప్పండి.

కడిగే పద్ధతి

పట్టించుకోవాల్సింది అన్నిటికన్నా ఇక్కడే. కారు నీడలో ఉండాలి, బానెట్ చల్లబడి ఉండాలి. రెండు బకెట్లు, కార్ షాంపూ, మైక్రోఫైబర్ వాష్ గ్లోవ్ ఒకటి, తుడవడానికి మందపాటి మైక్రోఫైబర్ టవల్ ఒకటి, చక్రాలకి వేరే గుడ్డ ఒకటి సిద్ధం చేసుకోండి. బట్టల సర్ఫ్, గిన్నెల సబ్బు వాడొద్దు, వేసిన వ్యాక్స్‌ని అవి ఊడదీస్తాయి.

1. ముందు చక్రాలు కడగండి. బ్రేకుల ఇనుప పొడి అంతా అక్కడే ఉంటుంది. ఆ గుడ్డ, ఆ నీళ్లు బాడీకి తగలకూడదు.

2. కారు మొత్తం మీద పై నుంచి కిందికి పైపుతో నీళ్లు పోయండి. గుడ్డ ముట్టుకోకుండా ఎంత దుమ్ము పోగలిగితే అంత పోవాలి. రెండు మూడు నిమిషాలు ఆగి మళ్లీ పోయండి. నానిన మట్టి రెండోసారికి జారిపోతుంది.

3. ఒక బకెట్లో షాంపూ నీళ్లు, రెండో దాంట్లో మంచినీళ్లు. గ్లోవ్‌ని షాంపూలో ముంచి టాప్ నుంచి మొదలుపెట్టండి. బరువు వేయకుండా, ముందుకీ వెనక్కీ తిన్నగా కదపండి. గుండ్రంగా తిప్పొద్దు.

4. ఒక్కో ప్యానెల్ అయ్యాక గ్లోవ్‌ని మంచినీళ్ల బకెట్లో పిండి, తర్వాతే షాంపూలో ముంచండి. కాసేపయ్యాక ఆ బకెట్ అడుగున చెయ్యి పెట్టి చూడండి. వేళ్లకి గరగరలాడుతూ ఇసుక తగులుతుంది. రెండో బకెట్ లేకపోతే ఆ ఇసుకంతా మళ్లీ మళ్లీ పెయింట్ మీద తిరిగేది.

5. డోర్ల కింది భాగం, వెనక బంపర్, డిక్కీ కింది అంచు చివర్లో. అన్నిటికన్నా మురికిగా ఉండేది అక్కడే.

6. షాంపూ ఆరకముందే కడిగేసి, మందపాటి టవల్‌ని తడి మీద పరిచి నెమ్మదిగా లాగండి. అద్దుతూ వెళ్లినా మంచిదే.

నీళ్ల గురించి ఒక మాట. బోరు నీళ్లు మన దగ్గర చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, ఆరితే తెల్లటి మచ్చలు దిగిపోతాయి. నీళ్లు ఆదా అవుతాయని ఆర్‌వో మెషీన్ వదిలేసే వృథా నీళ్లతో కడిగేవాళ్లు ఉన్నారు. అందులో లవణాలు మామూలు నీళ్ల కంటే ఎక్కువ, కాబట్టి అవి నేల కడగడానికి వాడండి, కారుకి వద్దు. దానికి బదులు ఏసీ పైపు నుంచి కారే నీళ్లు బకెట్లో పట్టి పెట్టుకోండి. గాల్లోని చెమ్మ నీరుగా మారి వచ్చేవి కాబట్టి వాటిలో లవణాలు దాదాపు ఉండవు. చివరి కడుగుడుకి అంత మంచి నీళ్లు ఇంట్లో ఇంకెక్కడా ఉచితంగా దొరకవు. పట్టిన బకెట్‌ని కాసేపు కదపకుండా ఉంచి, పైపైన తేరిన నీళ్లే వాడండి.

పైపు వాడనివ్వని అపార్ట్‌మెంట్లలో, వేసవిలో ట్యాంకర్ల మీద నడిచే కాలనీల్లో రిన్స్‌లెస్ వాష్ మంచి దారి, అంటే తర్వాత నీళ్లతో కడగక్కర్లేని ద్రావణంతో తుడవడం. 2024 వేసవిలో బెంగళూరులో తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. అక్కడి మనవాళ్లు చాలామంది అప్పుడే దీన్ని అలవాటు చేసుకోవాల్సి వచ్చింది. ఒక బకెట్ నీళ్లలో కొలత ప్రకారం ఈ ద్రావణం కలిపి, ప్యానెల్ మీద స్ప్రే చేసి నాననిచ్చి, ఆరేడు మైక్రోఫైబర్ గుడ్డలతో ఒక్కో ముఖాన్ని ఒక్కసారే వాడుతూ తుడవాలి. పల్చటి దుమ్ముకి ఇది చక్కగా పనిచేస్తుంది. వానలో తిరిగి బురద పట్టిన కారుకి మాత్రం పనికిరాదు.

పక్కన కన్‌స్ట్రక్షన్ జరుగుతోందా? సిమెంట్ పొడి మామూలు దుమ్ము లాంటిది కాదు. మంచుకో తుంపరకో తడిస్తే క్షారంలా పెయింట్‌ని తింటుంది, ఆరితే గట్టిపడుతుంది. దాన్ని ఉంచొద్దు, తడిగుడ్డతో తుడవనూ వద్దు. ధారాళంగా నీళ్లు పోసి కొట్టుకుపోయేలా చేయాలి. గట్టిపడిన చుక్కల్ని గోటితో గీకకుండా డీటెయిలింగ్ షాపు వాళ్లకి వదిలేయండి. పావురాల రెట్ట కూడా అంతే, ఆలస్యం పనికిరాదు. టిష్యూని తడిపి దాని మీద పది నిమిషాలు పరిచి ఉంచితే నాని, ఎత్తగానే వచ్చేస్తుంది.

రోజూ తుడిచే అబ్బాయితో ఎలా మాట్లాడాలి

అపార్ట్‌మెంట్లలో అసలు నష్టం జరిగేది ఇక్కడే, తప్పు అతనిది కాదు. తెల్లవారకముందే ఇరవై ముప్పై కార్లు తుడవాలి. చేతిలో ఉండేది ఒక బకెట్, ఒక గుడ్డ. పక్కవాళ్ల కారు చక్రం మీది ఇసుక మీ బానెట్ మీదికి వస్తుంది. మానిపించమని నేను చెప్పను, అతని సంపాదన అదే. పని మార్చండి. ఇలా చెప్పొచ్చు: "తమ్ముడూ, రోజూ బాడీ తుడవొద్దు. అద్దాలు, చక్రాలు చూడు చాలు. ఆదివారం ఒక్కసారి పైపుతో కడుగు, డబ్బులు అంతే ఇస్తాను." మీ సొంత బకెట్లు, గుడ్డలు, షాంపూ ఇచ్చి, ఒక ఆదివారం దగ్గరుండి రెండు బకెట్ల పద్ధతి చూపించండి. రోజువారీ శ్రమ తగ్గుతుంది కాబట్టి సంతోషంగా ఒప్పుకుంటారు.

ఇక మెరుపు డస్టర్ల సంగతి. వ్యాక్స్ పూసిన దారాల డస్టర్‌ని ఇంట్లోనే ఉన్న కారు మీద వాలిన పల్చటి దుమ్ముకి, బరువు వేయకుండా వాడితే ఫర్వాలేదు. రోడ్డు నుంచి వచ్చిన కారుకి వద్దు.

మైక్రోఫైబర్ గుడ్డల్ని కూడా చూసుకోవాలి. తుడవడానికి 300–400 జీఎస్ఎమ్ (చదరపు మీటరు గుడ్డ బరువు గ్రాముల్లో), ఆరబెట్టడానికి 800 పైన ఉన్నవి తీసుకోండి. నూలు బట్టలతో కలిపి ఉతికితే నూలు పోగులు పట్టేస్తాయి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేస్తే నీళ్లు పీల్చడం మానేస్తాయి. ఆరిన గుడ్డ నేల మీద పడితే ఆ రోజు నుంచి అది చక్రాల గుడ్డ.

పిల్లర్లు, సైకిళ్లు, పిల్లులు

దుమ్ము గీతలు పాలిష్‌తో పోతాయి. పిల్లర్‌కి గీరుకున్న డోర్ మాత్రం వేలల్లో ఖర్చు తెస్తుంది. పిల్లర్ మూలలకి రబ్బరు గార్డులు బిగించండి. గోడ పక్కన పార్క్ చేస్తే డోర్‌ని నెమ్మదిగా తెరిచి, అంచు తగిలే ఎత్తుని చాక్‌పీస్‌తో గుర్తు పెట్టి, అక్కడ ఈవీఏ ఫోమ్ షీటు అతికించండి. పిల్లలు ఆడుకునే పాత ఫోమ్ మ్యాట్ ముక్కలైనా సరిపోతాయి. ముందుకి ఎంత రావాలో తెలియడానికి నేల మీద వీల్ స్టాపర్ బిగించండి. లేదా కారు సరిగ్గా నిలిపిన చోట, పై కప్పు నుంచి దారానికి టెన్నిస్ బంతి ముందు అద్దానికి తగిలేలా వేలాడదీయండి.

గ్యారేజ్‌లో కారుతో పాటు నిచ్చెన, గడ్డపార, పిల్లల సైకిల్, పాత కూలర్ అన్నీ ఉంటాయి. సైకిల్ హ్యాండిల్ సరిగ్గా కారు డోర్ ఎత్తులో ఉంటుంది కాబట్టి ముందు దానికి గోడ మీద హుక్ వేయండి. నిచ్చెన నిలబెట్టొద్దు, అడ్డంగా పడుకోబెట్టండి. బానెట్‌ని, డిక్కీని బల్లలా వాడే అలవాటు ఇంట్లో అందరూ మానాలి: కూరగాయల సంచి, హెల్మెట్, తాళాలు, ఏదీ పెట్టకూడదు. కారు కడిగేటప్పుడు ఉంగరం, వాచీ, గాజులు తీసేయండి. బెల్టు బకిల్ డోర్‌కి తగలకుండా చూసుకోండి.

పిల్లులు ఇంజన్ వేడికి బానెట్ ఎక్కుతాయి. ఎక్కేటప్పుడు, దూకేటప్పుడు గోళ్లు దిగుతాయి. కారు వచ్చాక అరగంట, గంట అవి రాకుండా చూసుకుంటే బానెట్ చల్లారుతుంది, తర్వాత వాటికీ ఆసక్తి ఉండదు. పక్కనే ఒక గోనెసంచి పరిచిన అట్టపెట్టె పెట్టి చూడండి. చాలాసార్లు అందులోకే వెళ్తాయి.

దసరా పూజ, భోగి మంట

ఆయుధ పూజ రోజున కారుకి పూజ చేయని ఇల్లు ఉండదు. చేయండి, చిన్న జాగ్రత్తలతో. బంతిపూల దండని ఇనుప తీగతో కాకుండా దారంతో కట్టమనండి. బండి నడుస్తుంటే ఆ తీగ కొసలు గాలికి ఊగుతూ బంపర్ మీద గీతలు పెడతాయి. పసుపు, కుంకుమ బొట్లు పెయింట్ మీద కాకుండా ముందు అద్దం పై అంచునో నంబర్ ప్లేటు మీదో పెట్టండి. కుంకుమలో సున్నం ఉంటుంది, ఎండకి మచ్చ దిగిపోతుంది. కొబ్బరికాయ, గుమ్మడికాయ కారుకి రెండు మూడడుగుల దూరంలో కొట్టండి. బానెట్ మీద పడిన పెంకుల్ని ఊడ్చేయకుండా ఒక్కొక్కటిగా చేత్తో ఎత్తేయండి. భోగి మంట బూడిద, దీపావళి మసి కూడా మర్నాడే నీళ్లు పోసి వదిలించాలి.

వ్యాక్స్, సెరామిక్, పీపీఎఫ్

వ్యాక్స్ మన ఎండలకి నెల, రెండు నెలలు నిలుస్తుంది. దుమ్ము అంత గట్టిగా అతుక్కోకుండా, కడిగితే తేలిగ్గా జారిపోయేలా చేస్తుంది. అది చాలు. సెరామిక్ కోటింగ్ కూడా అదే పని ఎక్కువ కాలం చేస్తుంది. "సెరామిక్ వేయిస్తే ఇక గీతలే పడవు" అని ఎవరైనా అంటే నమ్మకండి. ఇసుక ఉన్న గుడ్డతో రుద్దితే దాని మీదా గీతలు పడతాయి. నిజంగా దెబ్బ ఆపేది పీపీఎఫ్, అంటే పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్. 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉండే పాలీయురేథేన్ పొర ఇది, సన్న గీతలు వేడి తగిలితే మళ్లీ కలిసిపోతాయి. కారంతా వేయిస్తే లక్ష దాటొచ్చు. నా సలహా అయితే డోర్ అంచులు, హ్యాండిల్ వెనక గోళ్లు తగిలే గుంట, డిక్కీలోకి సామాన్లు ఎక్కించే బంపర్ పైభాగం, ఈ మూడు చోట్ల వేయించండి. ఇంట్లో ఉండే కారుకి దెబ్బలు తగిలేది ఎక్కువగా అక్కడే.

ఇప్పటికే పడిన గీతలకి

గీత మీద గోరు అడ్డంగా జరపండి. గోరు ఆగకపోతే గీత క్లియర్ కోట్ పైపైనే ఉంది, మంచి పాలిష్‌తో పోతుంది. కానీ ప్రతి పాలిష్ ఆ పొరలో కొన్ని మైక్రాన్లు తీసేస్తుంది కాబట్టి, ప్రతి సర్వీసింగ్‌కీ రబ్బింగ్ పాలిష్ చేయించుకోవడం మానండి. టూత్‌పేస్ట్ చిట్కా వద్దు, అందులో రుద్దే పొడి ఉంటుంది, పెద్ద గీత చుట్టూ కొత్త సన్న గీతలు వస్తాయి.

గోరు దిగితే ఆలస్యం చేయకండి, ముఖ్యంగా లోపల లోహం కనిపిస్తుంటే. సముద్రం గాలి తగిలే విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు తుప్పు చాలా త్వరగా మొదలవుతుంది. డోర్ ఫ్రేమ్ మీదో బానెట్ కిందో ఉన్న స్టిక్కర్ మీద కలర్ కోడ్ చూసుకుని, అదే కోడ్ టచప్ పెన్ తెప్పించండి. గీతని కడిగి, పూర్తిగా ఆరాక పల్చగా ఒక పూత వేసి, ఆరనిచ్చి రెండోది వేయండి. దెబ్బ పెద్దదై బాడీ షాపులో ప్యానెల్‌కి కొత్త పెయింట్ వేయిస్తే, దాదాపు నెల రోజుల దాకా దాని మీద వ్యాక్స్ వేయొద్దు, కవర్ కూడా కప్పొద్దు. లోపలి పొరలు పూర్తిగా ఆరడానికి అంత టైమ్ పడుతుంది.